దొరగారికి దొరికిన మాట

ఆయన దొర కాదు. దొరతనమన్నది ఆయన వంశంలో అటు ఏడు తరాలు వెతికినా దొరకదు. జుట్టు కత్తిరించడం ఆయన వృత్తి. బస్టాండు నుంచి మార్కెట్టుకు వెళ్ళే వీధిలో, తాళాలు బాగుచేసే కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉండేది ఆయన సెలూన్. రెండు కుర్చీలు, గోడ పొడుగునా ఒక అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కాళ్ళు సమంగా లేని ఒక బల్ల, అంతే. అయినా ఆ వీధి వీధంతా ఆయన్ని దొరగారనే పిలిచేది.

ఆ పేరు ఊరికే రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషితో ఆయన సొంత అన్నదమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. పిల్లల చదువులు, పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులు, ఇంటి కప్పు కారడం, అన్నీ అడిగేవాడు. అదే మనిషి సాయంత్రం మార్కెట్లో ఎదురొచ్చి పలకరింపుగా నవ్వితే మాత్రం గోడను చూసినట్టు చూసి పక్కనుంచి వెళ్ళిపోయేవాడు. "పొద్దున నా గడ్డం పట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పాడు, సాయంత్రానికి నేనెవరో తెలీదు. పెద్ద దొరండీ బాబూ" అని ఎవరో అన్నారు. ఆ మాట బంకలా అతుక్కుపోయింది. కొన్నాళ్ళకు ఎదురుగానే "దొరగారూ, మీసం కాస్త సరిచెయ్యండి" అనడం మొదలుపెట్టారు. ఆయనా ఊఁ కొట్టేవాడు. తన పొగరు తనకు తెలియడం లేదేమోనని లోపల మాత్రం కుమిలేవాడు.

సంగతేమిటంటే ఆయనకు ముఖాలు నిలిచేవి కావు. చూపులో లోపం లేదు. సూదిలో దారం ఎక్కించగలిగేవాడు, చెవి వెనక దాక్కున్న ఒంటరి వెంట్రుకను దూరం నుంచే పట్టేవాడు. ఎదుటి మనిషి ముక్కు ముక్కులాగే, కళ్ళు కళ్ళలాగే కనిపించేవి. కానీ ఆ ముక్కూ కళ్ళూ నోరూ కలిసి ఫలానా మనిషిగా కుదురుకునేవి కావు. చూస్తున్నంతసేపే ముఖం. తల తిప్పితే నీళ్ళ మీద రాతే.

విచిత్రమేమిటంటే అది లోపమని ఆయనకు తెలియదు. బుద్ధెరిగినప్పటి నుంచీ లోకం అలాగే కనిపించింది కనక అందరికీ అంతే అనుకున్నాడు. అందరూ శ్రద్ధ పెట్టి గుర్తుంచుకుంటున్నారనీ, తానే పరధ్యానపు మనిషిననీ నమ్మాడు. చిన్నప్పుడు జనంలో తల్లి కట్టుకున్న రంగు బట్టలే కట్టుకున్న మరొకావిడ చెయ్యి పట్టుకుని చాలా దూరం నడిచిపోయాడు. తల్లి పరిగెత్తుకొచ్చి వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే ఎత్తుకుని ఏడుస్తూ, "అమ్మ మీద కూడా ధ్యాస లేదట్రా నీకు" అంది. ఆ దెబ్బ ఆయనకు గుర్తు లేదు. ఆ మాట మాత్రం ముల్లులా ఉండిపోయింది.

పని నేర్పింది మేనమామ. ఆ సెలూన్‌లోనే, పెద్ద కుర్చీ వెనక నిలబడ్డాక, కుర్రవాడి ప్రాణం మొదటిసారి కుదుటపడింది. ముఖాలన్నీ అద్దం వైపు, తన పనంతా వెనక వైపు. వెనక వైపు ఎన్ని గుర్తులని. ఒకరికి నడినెత్తిన సుడి, ఇంకొకరికి మెడ మీద రెండు సుడులు ఎదురెదురుగా. ఒకరి జుట్టు పీచు, మరొకరిది పట్టు. దువ్వెన ఒక్కసారి ఆడిస్తే చాలు, ఆ మనిషి చరిత్రంతా కళ్ళముందుకు వచ్చేది. "మీ పెద్దమ్మాయికి ఉద్యోగం వచ్చిందా?" అని అడిగితే వాళ్ళు ఉబ్బిపోయేవారు. పొద్దస్తమానం అద్దం ముందు నిలబడే మనిషికి తన ముఖం కూడా పరిచయం లేదంటే ఎవరు నమ్ముతారు? ఒకసారి బట్టల దుకాణంలో ఎదురుగా వస్తున్న పెద్దమనిషికి దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకున్నాడు. ఆ పెద్దమనిషీ తప్పుకున్నాడు. ఇటు జరిగితే ఇటే జరిగాడు. చివరికి "మీరు ముందు వెళ్ళండి" అని చెయ్యి చాపితే చేతికి అద్దం తగిలింది.

భార్యను ఆయన జుట్టుతోనూ గొంతుతోనూ గుర్తుపట్టేవాడు. ఆవిడది నడుము దాటిన ఒత్తయిన జుట్టు, మెడ దగ్గర ఎంత దువ్వినా లొంగని ఒక పిల్ల రింగు. గొంతు కొంచెం జీర. ఎంత జనంలో ఉన్నా ఆ జీర వినిపిస్తే చాలు, ఆయన కాళ్ళు అటే తిరిగేవి. ఆవిడ కూడా మొగుడిది మతిమరుపు అనుకుందే తప్ప ఇంకేమీ అనుకోలేదు. మార్కెట్లో పక్కన నడుస్తూ, "పోస్టుమాస్టరు గారొస్తున్నారు, నవ్వండి" అని మోచేత్తో పొడిచేది. ఆయన ఠక్కున నవ్వేవాడు, ఒక్కోసారి పోస్టుమాస్టరు పక్కనున్న మనిషిని చూసి.

వాళ్ళకు ఒక్కతే కూతురు. తండ్రంటే ఆ పిల్లకు ప్రాణం, బడిలో బహుమతులిచ్చిన రోజు దాకా. ఆ రోజు నాటకంలో రాణి వేషం కట్టింది. రెండు జడలు విప్పేసి, జుట్టు విరబోసి, బుగ్గలకు ఎర్ర రంగు పూశారు. మొదటి బహుమతి కప్పు చేతిలో పట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డ తండ్రి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆయన ఆమె తల మీదుగా లోపలికి చూస్తూ, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పాపా, మా అమ్మాయి ఇంకా లోపలే ఉందా?"

ఆ పిల్ల చేతిలోని కప్పు కిందికి దించి, "ఉందండీ" అంది. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, రెండు జడలు వేసుకుని మళ్ళీ వచ్చింది. ఆయన ఒక్క పరుగున ఎదురొచ్చి ఎత్తుకున్నాడు. ఆ పిల్ల ఆయన భుజాన తల పెట్టలేదు. ఇంట్లో ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు. తండ్రితో మాటలు తగ్గాయి, అంతే. పెద్దదై, కరెంటు ఆఫీసులో ఉద్యోగంలో చేరి, పెళ్ళయి నాలుగు వీధుల అవతల కాపురం పెట్టాక కూడా వచ్చినప్పుడల్లా వంటింట్లో తల్లి దగ్గరే కూర్చుని వెళ్ళిపోయేది.

తల్లికి రొమ్ములో గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేశారు, తరవాత మందులు ఎక్కించాలన్నారు. ఆ మందులకు జుట్టు రాలిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. గుప్పెళ్ళకు గుప్పెళ్ళు ఊడుతుంటే చూడలేక, ఆవిడే ఒక ఆదివారం పొద్దున భర్తతో పాటు సెలూన్‌కు వచ్చింది. ఆయన షట్టరు సగం దించి, ఆవిడను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఉతికిన కొత్త గుడ్డ మెడ చుట్టూ కప్పాడు.

"ఎప్పుడూ రానిదాన్ని, సరిగ్గా చేస్తారా?" అంది ఆవిడ.

"నచ్చకపోతే డబ్బులివ్వకు."

ఆవిడ నవ్వింది. ఆయన జుట్టు నెమ్మదిగా కత్తిరించి, ఆపైన చిన్న మెషీన్‌తో తల నున్నగా చేశాడు. మెడ దగ్గరి రింగు చివరికి మిగిల్చి, ఒక్క నిమిషం ఆగి, అదీ తీసేశాడు. ఊడ్చేటప్పుడు చీపురు పట్టుకోలేకపోతే ఆవిడే అందుకుంది.

మందు ఎక్కించడానికి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. రెండోసారి చేరినప్పుడు నోరంతా పూసి, గొంతు పూర్తిగా పడిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన సెలూన్ మూసి, ఫ్లాస్కులో జావ పోసుకుని వార్డుకు వెళ్ళాడు. ముందు రోజు దాకా ఆవిడ మంచం తలుపు పక్కనే ఉండేది. పొద్దున కిటికీ దగ్గర మంచం ఖాళీ అయితే, గాలి తగులుతుందని ఆవిడను అక్కడికి మార్చి, తలుపు పక్క మంచం మీద వేరొక పేషెంటును పడుకోబెట్టారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరనుకుంటారు?

వార్డులో అందరికీ ఒకటే బూడిద రంగు గౌను, తలకు ఒకటే తెల్లగుడ్డ. ఆయన తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చుని, మంచం మీది మనిషి నుదుట చెయ్యి వేశాడు.

"జ్వరం లేదులే. నోరు తెరువు, గోరువెచ్చగానే ఉంది" అని చెంచాతో జావ పట్టాడు. ఆమె కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. ఏదో చెప్పబోయి, చెంచా దగ్గరికి రాగానే నోరు తెరిచింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. కుళాయి కారడం ఆగిందట, మేడ మీదావిడ మరీ మరీ అడిగిందట, నువ్వు లేకపోతే ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో అంతుపట్టడం లేదట. పెదాల చివర కారిన జావను తన రుమాలుతో తుడిచాడు. పాదాలు చల్లగా ఉన్నాయని దుప్పటి సర్ది, అరికాళ్ళు రుద్దాడు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఏడవకు. నేనున్నాగా" అన్నాడాయన.

కిటికీ దగ్గర మంచం మీద ఆయన భార్య లేచి కూర్చుంది. ఎవరినో పలకరిస్తున్నాడని మొదట అనుకుంది. తరవాత పిలవబోయింది, గొంతు రాలేదు. చెయ్యి ఊపింది. ఆయన ఒకసారి తలెత్తి ఆ వైపు చూశాడు కూడా. ఆ ఊగుతున్న చెయ్యి తనకని తోచక మళ్ళీ చెంచా అందుకున్నాడు.

అప్పుడే కూతురు వచ్చింది. గుమ్మంలో నిలబడి, కిటికీ దగ్గర తల్లినీ, తలుపు దగ్గర ఇంకెవరికో జావ పడుతున్న తండ్రినీ చూసింది. ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, ఏం చేస్తున్నావు? అమ్మ అక్కడుంది."

ఆయన చెంచా పట్టుకునే లేచి నిలబడ్డాడు. ఈ మంచం నుంచి ఆ మంచానికీ, దాన్నుంచి ఆ పై మంచానికీ ఆయన కళ్ళు తిరిగాయి. అన్నీ తెల్లగుడ్డలే. కిటికీ దగ్గర తల్లి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ చేతి మీదుగా కూడా ఆయన చూపు ఆగకుండా సాగిపోయింది.

కూతురు ఆ చూపును పట్టుకుంది. ఆమెకు అది కొత్తది కాదు. బడి గేటు దగ్గర తన తల మీదుగా వెతికిన చూపే అది. ఆ రోజు కిందనుంచి చూసిన పిల్లకు అందులో కనిపించనిది, ఇప్పుడు పక్కనే నిలబడ్డ మనిషికి కనిపించింది. ఆయన బెదిరిపోయి ఉన్నాడు. పరధ్యానం కాదు, నిర్లక్ష్యం అంతకన్నా కాదు. ఈయనకు నిజంగానే కనిపించడం లేదు.

ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి నడిపించి, ఆ చెయ్యి తల్లి చేతిలో పెట్టింది. "ఇదిగో అమ్మ" అంది.

ఆయన మంచం అంచున తల ఆనించాడు. "నాకు నీ ముఖం గుర్తుండదే" అన్నాడు. "ఎప్పుడూ లేదు. ఎవరిదీ ఉండదు. ఎంత ప్రయత్నించినా రాదు."

తలుపు పక్క మంచం మీదావిడ మోచేతి మీద లేచి, "తప్పు నాది అన్నయ్యా. మొదటే చెప్పాల్సింది" అంది. "ఇక్కడ చేరాక నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నోరు రాలేదు."

భార్య భర్త తల నిమిరి, కూతుర్ని దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో గాలిలాంటి గొంతుతో ఏదో చెప్పింది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఫ్లాస్కులో మిగిలింది కూడా ఆవిడకే పట్టమంటోంది నాన్నా. మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే బాగుండదంట."

వార్డు డాక్టరమ్మకు కూతురు జరిగిందంతా చెప్పింది. ఆమె ఆసక్తిగా విని, పై అంతస్తులో నరాల డాక్టరు దగ్గరికి పంపింది. అతను చాలా ఓపికగల మనిషి. కూతురు తెచ్చిచ్చిన ఇంటి ఫోటోలు మరికొన్నిటితో కలిపి వరసగా చూపించాడు. వాటిలో జుట్టు కనిపించకుండా నల్లటి అట్ట కప్పి ఉంది. దొరగారు ఒక్కటీ చెప్పలేకపోయాడు. అందులో కూతురి ఫోటో ఉంది, భార్య ఫోటో ఉంది, ఆయన ఫోటో కూడా ఉంది. అట్ట తీయగానే భార్యనూ కూతురినీ చెప్పేశాడు.

"దీనికో పేరుంది. ప్రోసోపాగ్నోషియా" అన్నాడు డాక్టరు.

"జబ్బా అండీ?"

"మీ విషయంలో పుట్టుకతో వచ్చిన తీరు. కొందరికి తలకు దెబ్బ తగిలి వస్తుంది. మెదడులో ముఖాలు పోల్చుకునే పని ఒకచోట జరుగుతుంది. మీకు ఆ పని జరగదు, మిగతావన్నీ బ్రహ్మాండంగా జరుగుతాయి."

"మందుందా?"

"లేదండీ."

దొరగారు తలూపాడు. మందు లేదన్నందుకు బాధపడ్డట్టు లేదు. "అయితే ధ్యాస లేకపోవడం కాదా?" అని అడిగాడు.

"కాదు."

"పొగరు?"

డాక్టరు నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయాడు. "కాదండీ. ఎంత ప్రేమ ఉన్నా రాదు. ప్రేమకూ దీనికీ సంబంధం లేదు."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి" అన్నాడాయన. ఏ మాటో డాక్టరుకు తెలియక పేరే మళ్ళీ చెప్పాడు, ముక్కలుగా విడగొట్టి. గ్రీకులో ప్రోసోపాన్ అంటే ముఖం, అగ్నోషియా అంటే ఎరగకపోవడం. రెండూ అతికి ఒక మాట చేశారు. "ఐరోపాలో ఏ దేశానికి వెళ్ళినా భాష మారుతుంది కానీ ఈ మాట ఇంచుమించు ఇదే. చివర్లో కాస్త అటూ ఇటూ, అంతే" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూతురు తండ్రి పక్కన కూర్చుంది. రాణి వేషం వేసిన రోజు సంగతి చెప్పింది. మెల్లగా, అన్నీ, "ఉందండీ" అన్న మాటతో సహా. ఆయన వింటూ వింటూ ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ పాప నువ్వా?"

"నేనే నాన్నా."

"చక్కగా మాట్లాడిందని అప్పుడే అనుకున్నాను" అన్నాడు. ఆమె ఆయన భుజాన తల వాల్చింది. కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగి, ఇద్దరి వాలకం చూసి, మళ్ళీ వస్తానని ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ పేరు నోరు తిరగడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. గడ్డం గీస్తూ, కత్తెర సాన పెడుతూ గొణుక్కునేవాడు. గొంతు కాస్త వచ్చాక భార్య, "అంత కష్టమెందుకండీ, ముఖాలు ఎరగనని చెబితే సరిపోదా?" అంది.

"అలా అంటే తిట్టులా ఉంటుందే" అన్నాడాయన. "మన మాటల్లో ఎలా చెప్పినా ఎవరో ఒకరు నన్ను అప్పటికే అనేసిన మాటే అవుతుంది. ఈ మాటతో నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు."

ఆవిడే రోజూ పాఠం అప్పజెప్పించుకుంది.

సెలూన్ తెరవగానే ప్రతి మనిషికీ మెడ చుట్టూ గుడ్డ కడుతూ చెప్పడం మొదలుపెట్టాడు. "నాకు ప్రోసోపాగ్నోషియా అండీ. బయట కనిపిస్తే మీరెవరో మీరే చెప్పండి, మాట్లాడకుండా పోతే ఏమీ అనుకోవద్దు." పేరు ఇంత పొడుగుందంటే దొరగారికి కొత్త బిరుదేదో వచ్చిందని తాళాల కొట్టతను హాస్యమాడాడు. అయినా మర్నాటి నుంచి ఎదురైనప్పుడల్లా, "నేనండీ, తాళాలు" అనేవాడు. ఆ ముక్క వీధంతా పాకింది. "నేను, మందుల షాపు." "నేను, పోస్టాఫీసు." ఆయన ఒక్కొక్కరి దగ్గరా ఆగి కబుర్లు చెబుతూ, కూరలు కొనడానికి వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చిన రోజులున్నాయి. భార్యకు జుట్టు మళ్ళీ వచ్చింది, పొట్టిగా, తెల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా. ఎవరీ కొత్తావిడ అని ఆయన వేళాకోళమాడితే, ఈ మొగుడితో ఇక నిజమేదో హాస్యమేదో తెలియదని ఆవిడ తిట్టేది.

కొన్నాళ్ళకు నది మీద కొత్త వంతెన పనికి ఐరోపా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు సెలూన్‌కు వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇసుక రంగు జుట్టు. ఇక్కడి మాట ఒక్కటీ రాదు. ఎంత పొట్టిగా కత్తిరించాలో వేళ్ళతో చూపించాడు. దొరగారు గుడ్డ కడుతూ అలవాటు కొద్దీ తన ముఖం వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపి, "ప్రోసోపాగ్నోషియా" అన్నాడు.

ఇంజనీరు కుర్చీలో గిర్రున తిరిగాడు. ఆ మాటనే తన యాసలో, చివర కొంచెం కొరికేసి పలికాడు. దొరగారు ఔనన్నాడు. అతను జేబులోంచి ఫోన్ తీసి ఒక ముసలావిడ ఫోటో చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని "మామా" అన్నాడు. తరవాత లేచి, మెడ చుట్టూ గుడ్డతోనే, సెలూన్ మధ్యలో నటించి చూపించాడు. రైలు దిగి చేతులు చాచి వస్తున్న కొడుకు తాను. వాడి పక్కనుంచే వెళ్ళిపోయి ఇంకెక్కడో వెతుకుతున్న తల్లీ తానే. బల్ల మీద కూర్చున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. దొరగారు నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

మరుసటి ఏడాది ఆ తల్లి కొడుకును చూడటానికి వచ్చింది. అతను ఆమెను నేరుగా సెలూన్‌కు తీసుకొచ్చాడు. చిన్న మనిషి, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, చేతిలో గోధుమ రంగు సంచీ. దొరగారి భార్య ఇంటి నుంచి టీ తెచ్చి పోసింది. దొరగారూ ఆ ముసలావిడా ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ఆ మాట తన యాసలో అంది. ఆయన తన యాసలో అన్నాడు. ఆమె తన కొడుకు వైపు చూపించి ముఖం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, చెల్లెలు కాబోలని ఆయన భార్య వైపు చూసి కళ్ళతో అడిగింది. దొరగారు భార్య చెయ్యి పట్టుకుని, కాదని చెప్పడానికి నానా తంటాలు పడ్డాడు. టీలు రెండోసారి పోశారు. వెళ్ళేటప్పుడు ఆమె ఆయన బుగ్గ మీద తన బుగ్గ ఆనించింది. దొరగారు సిగ్గుతో ఎర్రబడ్డాడు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలు కూరలకు వెళ్ళారు. ఎదురుగా ఇంజనీరూ తల్లీ వస్తున్నారు. ముసలావిడ ఆ రోజు జుట్టు వదిలేసి టోపీ పెట్టుకుంది. దొరగారు సన్నగా చినుకు పడుతోందని గొడుగు వేసుకున్నాడు. ఆమె ఒక మామూలు పెద్దమనిషిని చూసినట్టు ఆయన్ని చూసి దాటిపోయింది. ఆయన ఎవరో ముసలావిడకు దారి ఇస్తున్నట్టు గొడుగు పక్కకు తీసి దాటిపోయాడు.

వెనక నడుస్తున్న భార్యా, ఇంజనీరూ ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు. అతను తల్లి భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. దొరగారి భార్య ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏమిటే?" అన్నాడాయన.

"నిన్న మనింటి టీ తాగినావిడ."

దొరగారు వెనక్కి తిరిగాడు. ఆ కొసన ముసలావిడా తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు పరీక్షగా చూసుకున్నారు. తరవాత ఆమె టోపీ తీసింది, ఆయన గొడుగు మూశాడు, కూరల బుట్టల మధ్య నిలబడి ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకున్నారు.